మెరుపు పనులకంటే ముందు కారు అడుగు భాగం

ఒంగోలులో మా షెడ్డుకు కారు తెచ్చే వారందరికీ నమస్కారం.

"ఇంకా కడగడం, పాలిష్ దగ్గరే ఉన్నారేమిటి, సిరామిక్ కోటింగ్ మొదలుపెట్టరా?" అని కొన్ని నెలలుగా మీలో చాలామంది అడుగుతున్నారు. సిరామిక్ అంటే రంగు మీద పూసే పల్చటి రక్షణ పొర. కొందరు పీపీఎఫ్ (రంగు మీద అతికించే పారదర్శక ప్లాస్టిక్ పొర) అడిగారు, కొందరు అద్దాలకు అతికించే సన్ ఫిల్మ్ అడిగారు, డెంటింగ్, పెయింటింగ్ కూడా ఇక్కడే అయిపోతే బాగుంటుందని ఇంకొందరు అన్నారు. 2025 సెప్టెంబరులో చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ తర్వాత మా దగ్గరికి వచ్చే కొత్త కార్లు పెరిగాయి, వాటితోపాటు ఈ ప్రశ్నలూ పెరిగాయి. అడిగిన ప్రతి ఒక్కరికీ నిలబడి పూర్తిగా చెప్పలేకపోతున్నాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా నిర్ణయం ఇది. సంక్రాంతి తర్వాత కారు అడుగు భాగానికి తుప్పు పట్టకుండా చేసే పని మొదలుపెడుతున్నాం. సిరామిక్ కోటింగ్ వేసవిలో వస్తుంది, అదీ ఒకసారికి ఒక్క కారు మాత్రమే. మిగతావి ఇప్పట్లో చేయం.

నన్ను సిరామిక్ అడిగినవారే ఎక్కువ. అడుగు భాగం గురించి అడిగినవారు దాదాపు లేరు. అయినా దాన్నే ముందు పెట్టడానికి కారణం మన గాలి, మన నేల. కొత్తపట్నం, సింగరాయకొండ వైపు రోజూ తిరిగే కార్లను ర్యాంపు ఎక్కించి చూస్తే పైన రంగు కొత్తదానిలా ఉంటుంది, కింద సైలెన్సర్ క్లాంపులు, సస్పెన్షన్ అతుకులు, డోర్ల కింది అంచులు ఎర్రబారి ఉంటాయి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. రొయ్యల చెరువుల గట్ల మీది బురదలోనూ ఉప్పే. ఈ ఉప్పు గాలిలోని తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, అందుకే వాన చినుకు లేని రోజుల్లో కూడా ఆ ఇనుము పూర్తిగా ఆరదు. దానికి తోడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు. చక్రాల పైన లోపలివైపు పట్టిన బురద వారాల తరబడి తడిగా ఉండిపోతుంది. చెరువులు చేసే రైతు అన్న ఒకరు ఈమధ్య కారు అమ్మకానికి పెట్టారు. కొనడానికి వచ్చిన మనిషి రంగు వైపు చూడనే లేదట. నేల మీద పడుకుని కింద టార్చి వేసి చూసి, ధర బాగా తగ్గించి అడిగాడట. ఆ అన్న ప్రతి నెలా మా దగ్గర పాలిష్ చేయించుకునే మనిషి. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఈ పనిని తొందరగా చేస్తే మేలు కంటే కీడే ఎక్కువ. తడి మీద, బురద మీద నల్లటి కోటింగ్ కొట్టేస్తే తేమ లోపలే చిక్కుకుపోతుంది. పైకి నున్నగా కనిపిస్తూనే లోపల తుప్పు పెరుగుతుంది. అందుకే కారు ఒక రాత్రి మా దగ్గర ఉండాలి. ముందురోజు కిందనుంచి ప్రెషర్‌తో కడిగి, రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు వైరు బ్రష్‌తో తుప్పు గీకి, మిగిలినదానిపై తుప్పును ఆపే మందు రాసి, అది ఆరాకే కోటింగ్ వేస్తాం. సైలెన్సర్, బ్రేకులు, సెన్సర్లకు అంటకుండా కప్పుతాం. డోర్ల అడుగున నీళ్ళు కారిపోయే చిన్న రంధ్రాలు మూసుకుపోకుండా ఒక్కొక్కటీ చూస్తాం. మందపాటి రబ్బరు రకం కాకుండా మైనం రకం వాడబోతున్నాను. రబ్బరు రకం పగిలితే ఆ పగుళ్ళలోకి నీరు చేరి బయటికి రాదు. మైనం రకాన్ని ఏడాదికోసారి చూసి, పోయిన చోట మళ్ళీ వేయాల్సి ఉంటుంది, ఆ సంగతి ముందే చెబుతున్నాను. ఇనుము తిని చిల్లు పడిన కారు వస్తే కోటింగ్ వేయను, ముందు వెల్డింగ్ చేయించుకుని రమ్మంటాను.

దీనికి లిఫ్ట్ కావాలి. లక్షన్నర పైమాటే. చిట్టీ పాడుకున్న డబ్బుతో కొంటున్నాను, అప్పు చేయడం లేదు. ఒక కోటింగ్ కంపెనీ ప్రతినిధి వచ్చి ఫ్రాంచైజీ తీసుకోమన్నాడు. ముందు డిపాజిట్ కట్టాలి, నెలనెలా ఇంత సరుకు కొనాలి అన్నాడు. ఆ మనిషి మంచివాడే, వస్తువూ మంచిదే కావచ్చు. కానీ నెలాఖరున సరుకు మిగిలిపోతే, అవసరం లేని కారుకు కూడా కోటింగ్ వేయించుకోమని మీతో చెప్పాలనిపిస్తుంది. నాకు ఆ స్థితి వద్దు.

ఇక సిరామిక్. అది మంచి పనే, కానీ దాని గురించి చెప్పే మాటల్లో సగం ఎక్కువ చేసి చెప్పేవి. ఆ పొర ఒకటి రెండు మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు, హైవే మీద లారీ చక్రం విసిరే రాయిని ఆపలేదు. 9హెచ్ గట్టిదనం అంటారు, అది పెన్సిల్ మొనతో గీసి చూసే పరీక్షలోని కొలత. చీమకుర్తి రోడ్డు దుమ్ము పడిన కారును పొద్దున్నే పొడిగుడ్డతో తుడిస్తే ఆ పొర మీద కూడా గీతలు పడతాయి. అన్నిటికంటే పెద్ద చిక్కు మన బోరు నీళ్ళు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న ఆ నీరు చుక్కలు చుక్కలుగా నిలిచి ఎండలో ఆరితే తెల్ల మచ్చలు మిగులుతాయి. సిరామిక్ మీద నీళ్ళు చక్కగా ముత్యాల్లా నిలుస్తాయి కదా, మచ్చలూ అలాగే పడతాయి. కాబట్టి ముందు నీటిలోని ఆ ఖనిజాలను తీసే సాఫ్ట్‌నర్ యంత్రం పెట్టి నీటిని సరిచేసుకుంటాను, ఆ తర్వాతే కోటింగ్. కోటింగ్‌కు ముందు రంగు మీది గీతలు పాలిష్‌తో తీయాలి, ఆ పాలిష్ పై పొరను కొంత అరగదీస్తుంది. మీటరుతో మందం కొలవకుండా మీ కారు మీద మెషిన్ పెట్టను. పొర పల్చబడిన పాత కార్లకు వద్దనే చెబుతాను.

పీపీఎఫ్‌కు దుమ్ము చొరబడని గది కావాలి, మా షెడ్డు మూడు వైపులా తెరిచే ఉంది. పెయింటింగ్ అసలే వద్దు. రంగును గట్టిపరిచే ద్రావణంలో ఐసోసయనేట్లు అనే హానికర రసాయనాలు ఉంటాయి, రంగు కొట్టడానికి సరైన మూసిన గది (బూత్), గాలి అందించే మాస్కు లేకుండా కొడితే ఊపిరితిత్తులు పాడవుతాయి. మా కుర్రాళ్ళను, పక్కింటివాళ్ళను ఆ పొగలో పెట్టలేను.

సన్ ఫిల్మ్ సంగతి: ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలని నిబంధన. 2012లో సుప్రీంకోర్టు ఫిల్ములు వద్దంది. 2020లో నిబంధన సవరించాక, ఆ శాతాలు తగ్గకుంటే వేసుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. కానీ లెక్క చూడండి. ఫ్యాక్టరీ అద్దమే 70 శాతం దగ్గర ఉంటే, దానిమీద 70 శాతం ఫిల్మ్ వేసినా మొత్తం 49కి పడిపోతుంది. మీరడిగేది ఇంకా నల్లటిది. రోడ్డు మీద ఆపితే జరిమానా కట్టేది మీరు, అందుకే చేయను.

అడుగు భాగం పని సోమవారం నుంచి గురువారం దాకానే. శని, ఆదివారాలు కడిగించుకునేవారికే, ఆ వరుసను ఎవరి కోసమూ కదపను. చిన్న కారుకు 4,500, పెద్ద బండికి 6,500 రూపాయలు. వారంటీలో ఉన్న కారైతే వారంటీ పుస్తకం తప్పక తీసుకురండి, అడుగున ఏదైనా రాయించే ముందు అందులో ఏముందో ఇద్దరం కలిసి చదువుదాం. సముద్రం వైపు, చెరువుల వైపు రోజూ తిరిగేవారు ముందుగా చెబితే మొదటి తేదీలు మీకే ఇస్తాను.