టీబీ గోలీల కొరతపై వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి పాలమూరు పాస్టర్ల బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. పాలమూరు పల్లెల్లో సంఘాలు నడిపే పాస్టర్లం, సంఘ పెద్దలం ఈ లేఖ రాస్తున్నాం. ఇదే సంగతి మీద ఇంతకుముందు అర్జీలు ఇచ్చాం. రసీదులు మా దగ్గరున్నాయి, జవాబే రాలేదు.

మీ సిబ్బంది ఊళ్లకు వచ్చినప్పుడల్లా ఒక మాట అంటారు: "మీ ప్రార్థనల వల్లనే జనం మందులు ఆపేస్తున్నారు." ఆ మాట మాకు నొప్పే గానీ పూర్తిగా అబద్ధమని అనం. తలమీద నూనె రాసి "విశ్వాసముంటే గోలీలెందుకు" అనే బోధకులు ఉన్నారు. వాళ్లతో మేం వాక్యం తెరిచే వాదిస్తున్నాం. హిజ్కియా రాజుకు ఇంకా 15 ఏళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాటిచ్చాడు. అయినా ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి రాజు పుండు మీద పెట్టించాడు. ఇది రెండవ రాజుల గ్రంథం 20వ అధ్యాయంలో ఉంది. సువార్త రాసిన లూకా వైద్యుడు. దేవుడు చేసిన లోకం ఒక క్రమంలో నడుస్తుందని నమ్ముతాం కాబట్టే, ఆ క్రమాన్ని వెతికి పట్టుకున్న వైద్యాన్నీ నమ్ముతాం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషన్లు కలిసి క్షయ ఆసుపత్రి పెట్టాయి. 1948లో మన దేశంలో టీబీ రాకుండా వేసే బీసీజీ టీకా మొదలైంది కూడా మదనపల్లెలోనే. మన జడ్చర్ల మిషన్ ఆసుపత్రి సంగతి ఈ జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు.

రోగి ఎక్కడ మోసపోతాడో మాకు తెలుసు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన గోలీ. రెండు మూడు వారాలకే జ్వరం దిగుతుంది, దగ్గు తగ్గుతుంది, ఆకలేస్తుంది. సరిగ్గా అప్పుడే స్వస్థత కూటానికి పోయినవాడు "నాకు నయమైంది" అని సాక్ష్యం చెప్తాడు, గోలీలు అటకెక్కుతాయి. లోపల మెల్లగా పెరిగే క్రిములు మిగిలే ఉంటాయి. వాటి కోసమే తర్వాతి నాలుగు నెలలు మూడు మందులు మింగాలి. అందుకే మా సంఘాల్లో టీబీ సాక్ష్యానికి ఒక కట్టడి పెట్టుకున్నాం: ఆరు నెలల కోర్సు ముగియాలి, చివరి తెమడ పరీక్షలో క్రిమి లేదని రాసిన కాగితం చేతిలో ఉండాలి, అప్పుడే సాక్ష్యం. మూత్రం ఎర్రగా వస్తే అది రక్తం కాదు, రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు అని చెప్తున్నాం. కళ్లు పచ్చబడితే, చూపు మసకబారితే ఆ రోజే డాక్టరు దగ్గరికి పొమ్మంటున్నాం. చికిత్సలో ఉన్నవాళ్లను ఉపవాసం ఉండనివ్వడం లేదు. రేకుల షెడ్డులో రాత్రంతా తలుపులు మూసి చేసే ప్రార్థనలో ఒక్క టీబీ రోగి దగ్గినా గాలి ద్వారా పక్కవాళ్లకు అంటే ప్రమాదం ఉంది. అందుకని కిటికీలు తెరిచి పెడుతున్నాం.

ఇంత చెప్పి రోగిని ఆరోగ్య కేంద్రానికి పంపితే, అక్కడ గోలీలు ఉండవు.

మంత్రి గారూ, మా బాధంతా ఇదే. 50 నుంచి 64 కిలోల బరువున్న మనిషికి రోజుకు 4 గోలీలు, 28 రోజులకు 112. ఇచ్చేది వారానికి సరిపడా, ఒక్కోసారి అయిదు రోజులకే. "స్టాకు రాలేదు, సోమవారం రండి" అంటారు. సోమవారం పోతే ఇచ్చే మనిషి ఉండడు. ఆటో కిరాయి పోతుంది, ఆ రోజు కూలి పోతుంది. నెలకు సరిపడా ఒకేసారి ఇస్తామని ఒక అధికారి మా ముందే అన్నారు, ఆ నెల ఇంకా రాలేదు. ముంబైకో పుణెకో వలస పోయేవాడు ఏం చేయాలి? మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాక బండి ఆగదు. చేతిలో ఉండేది వారం గోలీలే, నిక్షయ్ నంబరు (ప్రభుత్వం ప్రతి టీబీ రోగికీ ఇచ్చే నమోదు నంబరు) రాసిన కాగితం కూడా లేదు. ఆ నంబరుంటే ఏ ఊళ్లోనైనా మందు ఇస్తారని అతనికి చెప్పినవాళ్లూ లేరు.

మధ్యలో పది రోజులు ఖాళీ పడితే దగ్గు మళ్లీ మొదలవ్వొచ్చు. అప్పుడు ఇంట్లోవాళ్లు అనేది "గోలీ పనిచేయలేదు" అనే. మందు అందలేదని ఎవరూ అనరు. "గోలీలు ఆపు, నమ్ము చాలు" అనే బోధకుడి దగ్గరికి అప్పుడే పోతారు. ఆగి ఆగి మింగితే క్రిమి మొండికేస్తుంది, రిఫాంపిసిన్‌కు లొంగదు. ఆ మొండి టీబీయే ఇంట్లో పిల్లలకు అంటుతుంది. దీనికి నింద మాత్రం ప్రార్థన మీదికే వస్తుంది. పోషణ కింద నెలకు 1000 రూపాయలు ఖాతాలో ఎప్పుడు పడతాయో కూడా చెప్పేవాళ్లు లేరు, గుడ్డూ పప్పూ కొనుక్కోవాల్సింది మాత్రం ఇప్పుడే.

మేం అడిగేది 28 రోజుల గోలీలు ఒకేసారి ఇవ్వమని. వలస పోయేవాళ్లకు రెండు నెలలకు సరిపడా ఇచ్చి, నిక్షయ్ నంబరు కార్డు మీద రాసివ్వండి. స్టాకు తగ్గుతోందని వారం ముందే తెలిస్తే పక్క మండలం నుంచి మేమే తెచ్చిస్తాం. పాస్టర్లకు ఒక్క రోజు శిక్షణ పెట్టండి, రోగి రోజూ గోలీ మింగేలా దగ్గరుండి చూసుకుంటాం, దానికిచ్చే 1000 రూపాయలు మాకొద్దు. ఆదివారం ఆరాధన అయ్యాక ఊరి నర్సు (ఏఎన్ఎం) గారు తెమడ డబ్బాలు తెస్తే, రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్లను మేమే వరుసలో కూర్చోబెడతాం. పొద్దున లేవగానే తీసే రెండో శాంపిల్ ఇంటింటికీ తిరిగి సేకరించే పనీ మాదే.

అయ్యా, మా మాట విని గోలీలకు ఒప్పుకున్న మనుషులు ఆరోగ్య కేంద్రం గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. గోలీలు పంపించండి. ఈసారైనా జవాబు రాయండి.

ఇట్లు,
పాలమూరు ప్రాంత గ్రామ సంఘాల పాస్టర్లు, సంఘ పెద్దలు