షెడ్డు వ్యాన్ ఐదింటికి వస్తుంది, క్రెష్ ఎన్నింటికి తెరుస్తారు?

సంపాదకులకు నమస్కారం.

మాది కోనసీమలో చెరువుల మధ్య ఉన్న చిన్న పల్లె. తెల్లవారుజామున ఐదింటికే రొయ్యల షెడ్డు వ్యాన్ మా సెంటర్‌లోకొచ్చి హారన్ కొడుతుంది. మా వీధి ఆడవాళ్లు పదిమందికి పైగా అందులో వెళ్తారు. మా పక్కింటి అమ్మాయికి ఏడాదిన్నర పిల్లాడున్నాడు. వాణ్ణి చూసుకునేది వాళ్ల అత్తగారు, ఆవిడకి చూపు సరిగా ఆనదు. పెరడు దాటితే రొయ్యల చెరువు, ఇంటి ముందు పంట బోదె, అదే పొలాలకి నీళ్లెళ్లే చిన్న కాలవ. అందుకని పిల్లాడి నడుముకి పాత చీర ముక్క కట్టి, రెండో కొస మంచంకోడుకి ముడేసి వెళ్తుంది. వాడు గుమ్మం దాకా వస్తాడు, గుడ్డ బిగుసుకోగానే అక్కడే కూలబడిపోతాడు. రోజూ చూస్తున్నాను. ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది, మా టీచరమ్మ మంచిది కూడా. కానీ అక్కడ కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది మూడేళ్లు నిండినవాళ్లకి. అంతకన్నా చిన్నవాళ్లకి సరుకులు ఇంటికిస్తారు, అంతే. పగలంతా వాళ్లని ఎవరు చూడాలన్నది ఇంటివాళ్ల తిప్పలే.

ఈ లోటు తీర్చడానికే 2022లో కేంద్రం, మహిళల కోసం పెట్టిన మిషన్ శక్తి కింద 'పాల్నా' పథకం తెచ్చింది. అంగన్‌వాడీలోనే క్రెష్ పెట్టి, ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లల్ని తల్లులు పనికెళ్లిన వేళ చూసుకోవాలి. ఖర్చులో కేంద్రానిది 60 శాతం, రాష్ట్రానిది 40. 2025-26 కల్లా దేశమంతటా 17,000 పెడతామన్నారు. మంచి పథకం, మనస్ఫూర్తిగా అంటున్నాను. అయితే ఒక్క మన రాష్ట్రంలోనే అంగన్‌వాడీలు 55 వేలకు పైన ఉన్నాయి. మా పల్లె వంతు ఎప్పటికొస్తుంది? వచ్చినా, నిబంధనల్లో ఉన్నది రోజుకి ఏడున్నర గంటలే. ఐదింటికి వ్యానెక్కి సాయంత్రం నాలుగింటికి దిగే తల్లికి అవి ఏం సరిపోతాయి?

కంపెనీలే చూసుకోవాలి అనొచ్చు. యాభై మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017లో చట్టం చేశారు. మరి ఊడుపులకి, కలుపుకి వెళ్లే కూలీకి ఏ కంపెనీ ఉంది?

జిల్లాకి క్రెష్‌లు మంజూరు చేసేటప్పుడు షెడ్డు వ్యాన్లు తిరిగే ఊళ్లు, కూలీలు ఎక్కువున్న లంకలు ముందు చూడాలి. ఐదింటికే తలుపు తీసేలా ఇంకో మనిషిని పెట్టి, ఆ జీతం రాష్ట్రమే భరించాలి. ఉన్న టీచర్ మీద, ఆయా మీద ఆ పని కూడా వేయొద్దు. 2023 డిసెంబరులో వాళ్లు జీతాల కోసం రోడ్డెక్కితే సమ్మె 42 రోజులు నడిచింది, అది మర్చిపోకూడదు. బడ్జెట్‌లో ఇన్ని కోట్లు అని చెప్పడం కాదు, మా ఊళ్లో ఏ గదికి, ఎవరి జీతానికి, ఏ నెల నుంచి ఇస్తారో పంచాయతీ బోర్డు మీద రాయండి.

ఇప్పుడు కాలవలకి నీళ్లు ఆపేశారు కాబట్టి మా బోదె ఎండి ఉంది. జూన్‌లో నీళ్లు వదులుతారు. ఆ పిల్లాడు అప్పటికి ముడి విప్పుకోవడం నేర్చుకుంటాడు.

— ఒక పాఠకురాలు, కోనసీమ