గోదావరి గంగ పేరుతో మీరు అమ్మిన కొబ్బరి మొక్కలపై ఫిర్యాదు

అంబాజీపేట మండలం,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.
జూన్ 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అయ్యా,

2019 జూలైలో మీ నర్సరీలో 110 కొబ్బరి మొక్కలు కొన్నాను. మొక్క 250 రూపాయల చొప్పున 27,500 రూపాయలు చెల్లించాను. రసీదు మీద ‘గోదావరి గంగ సంకర రకం’ అని మీ సిబ్బందే రాసి ముద్ర వేశారు. దాని నకలు ఈ లేఖకు జత చేశాను. ఆ మొక్కల్లో చాలా వరకు గోదావరి గంగ కావు. ఆరేళ్లు సాకి, చెట్టు చెట్టూ తిరిగి చూసుకున్న తరువాతే ఈ మాట రాస్తున్నాను.

ఇదే సంగతి మీ కార్యాలయానికి మూడుసార్లు ఫోను చేసి చెప్పాను. మొదటిసారి మాట్లాడినాయన ఎరువు చాలలేదన్నారు. రెండోసారి తెల్లదోమ వల్ల పూత ఆలస్యమై ఉంటుందన్నారు. మూడోసారి ఫోను తీసిన కుర్రవాడు “కొబ్బరి అంటే ఓపిక ఉండాలండీ” అన్నాడు. మూడు తరాలుగా కొబ్బరి మీద బతుకుతున్న ఇల్లు మాది. ఓపిక గురించి నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే ఇప్పుడు రాతపూర్వకంగా తెలియజేస్తున్నాను.

ఈ మొక్కలు నాటిన రెండెకరాల్లో అంతకు ముందు మా తాతగారు వేసిన చెట్లు ఉండేవి. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు సగానికి పైగా కూలిపోయాయి. మిగిలినవి మొవ్వ (చెట్టు నడినెత్తిన ఉండే లేత చిగురు) దెబ్బతిని, కోలుకున్నట్టే కోలుకుని, ఏటికేడు కాపు తగ్గుతూ వచ్చాయి. 2019లో వాటిని తీసేసి, 8 మీటర్ల ఎడంతో 126 గోతులు తవ్వించాను. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో ఆ ఏడు నాకు దొరికినవి 16 మొక్కలే. మిగిలిన 110 గోతుల కోసం మీ దగ్గరికి వచ్చాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ 16 చెట్లే ఈరోజు నా పక్షాన నిలిచిన సాక్ష్యం.

రెండు చోట్ల తెచ్చిన మొక్కలనూ ఒకే వారంలో నాటాను. కాలువ ఒకటే, మట్టి ఒకటే. ఏటా రెండు దఫాలుగా వేసిన యూరియా, సూపర్ ఫాస్ఫేట్, పొటాష్ ఒకే లెక్కన వేశాను. మధ్యలో వేసిన అరటి కూడా అన్నిటికీ ఒకేలా నీడ ఇచ్చింది. పరిశోధన స్థానం మొక్కల్లో ఒకటి పోయింది. బతికిన 15లో 13 అయిదో ఏడు నిండేలోపే గెల వేశాయి. ఎరువు చాలకపోతే అవి ఎలా పూశాయి? తెల్లదోమ మా తోటకు రాలేదని నేను అనడం లేదు. వచ్చింది, ఆకులు మసిబారి నల్లబడ్డాయి. ఆ దోమను చంపే ఇసారియా శిలీంధ్రం తెచ్చి పిచికారీ చేశాం. కానీ ఆ దోమ పరిశోధన స్థానం చెట్లనూ మీ చెట్లనూ వేరు చేసి వాలలేదు కదా.

ఇక మీ 110 మొక్కల లెక్క. తొమ్మిది మొదటి రెండేళ్లలోనే పోయాయి. అందులో కొన్ని కొమ్ము పురుగు తిన్నవి. వాటిని మీ ఖాతాలో వేయడం లేదు. మిగిలిన 101లో 23 చెట్ల మట్ట కాడలు నారింజ రంగులో ఉన్నాయి. మొదలు దగ్గర ఉబ్బు లేదు, కాండం సన్నం. మూడు, నాలుగేళ్లకే పూసి, చిన్న చిన్న నారింజ రంగు కాయలు కాస్తున్నాయి. మరో 61 చెట్లకు మొదలు బలంగా ఉబ్బి ఉంది, మట్టలు పొడుగ్గా సాగాయి, ఈరోజు వరకు ఒక్క గెల పడలేదు. సంకర రకంలా కనిపిస్తున్నవి మిగిలిన 17 మాత్రమే.

గోదావరి గంగ ఎలా తయారవుతుందో మీకు తెలియనిది కాదు. తూర్పు కోస్తా పొడుగు రకం తల్లి, గంగాబొండం తండ్రి. మనిషి పొడుగు చెట్టెక్కి, గెల విచ్చుకోగానే మగ పూలు తీసేసి, సంచి కట్టి, ఆడ పూలు సిద్ధమైన రోజుల్లో మళ్లీ మళ్లీ ఎక్కి గంగాబొండం పుప్పొడి చల్లాలి. ఆ కాయ ముదరడానికి దాదాపు ఏడాది. మడిలో పాతి, ఆలస్యంగా మొలిచినవీ మొదలు సన్నగా ఉన్నవీ ఏరి పారేసి, మంచి మొక్కను రైతు చేతిలో పెట్టడానికి మరో తొమ్మిది నెలలో, ఏడాదో. ఇంత పని ఉంది కనుకనే పరిశోధన స్థానం అడిగినన్ని మొక్కలు ఇవ్వలేకపోయింది. మీరు మాత్రం అడిగిన రోజే 110 మొక్కలు లారీకి ఎత్తించారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. మీ మాట నమ్మాను.

గంగాబొండం ఆకుపచ్చ పొట్టి రకం. దాని కాయ బొప్పాయిలా కోలగా ఉంటుందని మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పొడుగు తల్లికీ ఈ తండ్రికీ పుట్టిన చెట్టు నారింజ పొట్టి రకం పోలికలతో ఎలా ఉంటుంది? ఆ 23 వేరే రకం విత్తనానికి పుట్టినవి. బొండాం నీటికి ఆ రకం మంచిదే, తియ్యగా ఉంటుంది. కాని నేను కురిడీకీ (కాయలోనే గుండుగా ఎండిన కొబ్బరి) ఎండు కొబ్బరికీ పనికొచ్చే కాయ కోసం తోట వేశాను. ఈ చిన్న కాయను దింపు తీయించి ఒలిపిస్తే కూలి కూడా రాదని నా దగ్గర కొనే వ్యాపారి మొహం మీదే చెప్పాడు.

ఆ 61 చెట్ల మీద నాకు కోపం లేదు. అవి దేశవాళీ పొడుగు రకం. ఆరేడేళ్లకు గాని పూయకపోవడం వాటి స్వభావం. కానీ దేశవాళీయే కావాలంటే మీకు డబ్బు కట్టి లారీ మాట్లాడుకుని తెచ్చుకోవలసిన అవసరం నాకేముంది? తుఫాను తరువాత మా నాన్నగారు పక్క చేనును తిరిగి తోట చేసినప్పుడు, పడిపోకుండా నిలిచిన చెట్లలో ఏటా విరగకాసే నాలుగింటిని ఎంచుకున్నారు. ముదిరిన గెలలను తాడు కట్టి దింపించేవారు, నేల మీద పడేయనిచ్చేవారు కాదు. ఒక్కో కాయను చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ల చప్పుడు విని గాని మడిలో పెట్టేవారు కాదు. ఆ తోటలో ఏ చెట్టు ఏ తల్లి కాయో ఇప్పటికీ చెప్పగలను. మీ మొక్కలకు తల్లి ఎవరు? ఒకే లారీలో వచ్చిన మొక్కలు మూడు తీరులుగా తేలాయంటే, దొరికిన చోటల్లా కాయలు కొని మొలకెత్తించి, అన్నిటికీ ఒకే చీటీ కట్టారనే నేను అనుకుంటున్నాను. కాదంటే మీ విత్తన తోట ఎక్కడుందో, 2017, 2018ల్లో పరాగ సంపర్కం చేసిన పుస్తకం ఏదో చూపించండి.

వరి విత్తనంలో మోసపోతే రైతు ఒక పంట పోగొట్టుకుంటాడు. కొబ్బరిలో మోసం తేలడానికే అయిదారేళ్లు పడుతుంది. ఇప్పుడు ఆ చెట్లు తీసేసి కొత్త మొక్క పెడితే నేను మళ్లీ కాయ చూసేసరికి మరో అయిదేళ్లు. నాకు అరవై మూడు నిండాయి. కాయ ధర ఇంతగా పెరిగిన ఈ రోజుల్లో రెండు నెలలకొక దింపు తీయవలసిన తోటలోకి ఊరికే వెళ్లి ఊరికే వస్తున్నాను.

మిమ్మల్ని కోరుతున్నవి ఇవి. ముప్పై రోజుల్లో మీ బాధ్యుడిని పంపి, మండల ఉద్యాన అధికారి సమక్షంలో నా తోట పరిశీలించాలి. పరిశోధన స్థానం శాస్త్రవేత్తలను నేనే పిలుస్తాను. 84 మొక్కల ధర, వాటిని తీయించి కొత్తవి నాటించే ఖర్చు, పోయిన కాపుకు ఆ అధికారి కట్టిన లెక్క ప్రకారం పరిహారం చెల్లించాలి. మీ మొక్కలే మళ్లీ ఇస్తామంటే తీసుకోను. వీటన్నిటికంటే ముఖ్యంగా, తల్లి చెట్ల వివరాలు చూపించేవరకు ఈ వర్షాకాలంలో ‘గోదావరి గంగ’ పేరుతో ఒక్క మొక్క కూడా అమ్మవద్దు. పోయిన నెల మా పక్క ఊరి నుంచి ఇద్దరు కుర్రాళ్లు మీ దగ్గర మొక్కలకు బయానా ఇచ్చి వచ్చారు. ఒకరిది కౌలు భూమి. వాళ్ల డబ్బు వాళ్లకు తిరిగి ఇవ్వండి.

మీ నుంచి జవాబు రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. నాసిరకం విత్తనం కొని నష్టపోయిన రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012లోనే, మన రాష్ట్ర రైతుల కేసులోనే తేల్చి చెప్పింది. నర్సరీల నమోదు చట్టం కింద ఉద్యాన శాఖకు కూడా ఈ లేఖ నకలు పంపుతున్నాను.

తీసేయవలసిన 84 చెట్లకు సున్నంతో గీతలు పెట్టి, వరుస ప్రకారం అంకెలు వేశాను. ఫోటోలు జత చేశాను. మీ మనిషి వచ్చి కళ్లారా చూసేవరకు వాటిలో ఒక్కదాన్ని కూడా నరకను. జూలైలో కొత్త మొక్క నాటుకోవాలి కనుక, వానలు ముదరకముందే రండి.

ఇట్లు,
కోనసీమ కొబ్బరి రైతు
(పేరు, చిరునామా, ఫోను నంబరు జత చేసిన రసీదు నకలులో ఉన్నాయి)