చెమట చేతిలో జారే రివాల్వర్: ఇనుము జోలికి పోకుండా పట్టు పెంచుకోవచ్చు

సంపాదకుల వారికి నమస్కారం.

రోహిణి కార్తెలో కావలి, ఒంగోలు ప్రాంతాల్లో అరచేయి అయిదు నిమిషాలు పొడిగా ఉండదు. రొయ్యల చెరువుల వాళ్లు, గ్రానైట్, పొగాకు వ్యాపారులు, బంగారు అంగళ్ల వాళ్లు ఆత్మరక్షణ లైసెన్స్ మీద చొక్కా కింద ఉంచుకునే చిన్న రివాల్వర్‌కు ఈ చెమటే మొదటి శత్రువు. పిడి జారుతోందని అమెరికా వీడియోలు చూసి, దాన్ని గరుకు చేయాలని ఆకురాయి, సోల్డరింగ్ ఐరన్ చేతబట్టే వారి కోసం ఈ ఉత్తరం. ఆ వీడియోల్లో ఎక్కువగా కనిపించేవి ప్లాస్టిక్ బాడీ ఉన్న 9 ఎం.ఎం. పిస్టళ్లు. ఆ బోరు (గొట్టం లోపలి కొలత) మన దేశంలో మామూలు పౌరులకు నిషిద్ధం. ఇక్కడ లైసెన్స్ మీద దొరికేవి ప్రధానంగా కాన్పూరు .32 రివాల్వర్లు, 2014లో వచ్చిన సుమారు అర కిలో బరువుండే నిర్భీక్ రివాల్వర్, .32 పిస్టళ్లు. వాటికి చేయదగ్గ పని వేరు. మా మాట ఒక్కటే: రేపు ఊడదీస్తే ఇనుము మీద ఆనవాలు మిగలని మార్పే ఇంట్లో చేయాలి.

ముందు జారుడు ఎక్కడ పుడుతుందో చూడాలి. .32 తూటాకు వెనక్కి తన్నే బలం పెద్దగా ఉండదు, కాబట్టి పిడి చుట్టూ గరుకు అక్కర్లేదు. పట్టు నిలిపేవి రెండే చోట్లు: మూడు వేళ్లు చుట్టుకునే ముందు పట్టీ, అరచేతి మడమ ఆనుకునే వెనక పట్టీ. పక్క చెక్కలు నున్నగా ఉండటమే మేలు. కుడి నడుముకు పెట్టుకునే మనిషికి తుపాకీ ఎడమ పక్క ఒంటికి తగులుతుంది. అక్కడ గరుకు పెడితే సాయంత్రానికి చర్మం దోక్కుపోతుంది. కుడి పక్క పెడితే పలచటి నూలు చొక్కా దానికి అతుక్కొని పైకి లేస్తుంది, లోపలిది బయటపడుతుంది.

పని మొదలుపెట్టే ముందు తూటాలు తీయాలి. కాన్పూరు రివాల్వర్ మడత రకం. పైనున్న గొళ్లెం నొక్కి బ్యారెల్‌ను కిందికి వంచితే తూటాలు పైకి లేస్తాయి. తూటాలు కూర్చునే ఆరు గదులనూ కంటితో చూసి, వేలితో తడిమి, తూటాలను ఇంట్లో వేరే గదిలో పెట్టి తాళం వేయాలి. పిస్టల్ అయితే మ్యాగజైన్ (తూటాల డబ్బా) తీసి, స్లయిడ్ (జరిగే పై భాగం) వెనక్కి లాగి, బ్యారెల్ వెనక గదిలో మిగిలిన తూటా కూడా పోయిందో లేదో చూడాలి. మ్యాగజైన్ ఒక్కటి తీసి ఖాళీ అయిందనుకోవడమే ప్రమాదాలకు దారి.

అన్నిటికన్నా చవకైనది, మంచిది సైకిల్ ట్యూబు ముక్కను పిడికి తొడుగులా ఎక్కించడం. పిడి నడుమ దారం చుట్టి కొలవండి. 125 మిల్లీమీటర్లు వచ్చిందనుకుంటే, బల్లపరుపుగా పరిచినప్పుడు 50 మిల్లీమీటర్ల వెడల్పుండే ట్యూబు కావాలి. అంటే దాని చుట్టుకొలత 100, సాగి పట్టేది పాతిక శాతం. అంతకన్నా వదులైతే నాలుగు రోజులకే తిరగడం మొదలవుతుంది. మరీ బిగువైతే అంచులు మడుచుకొని చినుగుతాయి. అతుకు, వాల్వు లేని చోట 55 నుంచి 60 మిల్లీమీటర్ల ముక్క కోయాలి. కత్తెరతో ఒకే పోటుగా కోయండి. అంచున గాటు పడితే చిరుగు అక్కడే మొదలవుతుంది. లోపలి తెల్లపొడిని సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. ఎక్కించేటప్పుడు కొబ్బరినూనె, వ్యాజలీన్ రాయకూడదు. అవి లోపలే ఉండిపోయి తొడుగు జారుతుంది, రబ్బరు ఉబ్బుతుంది. లోపల స్పిరిట్ తడిపి గబగబా లాగితే సరి. స్పిరిట్ ఆవిరైపోయాక తొడుగు బిగుస్తుంది. ఒక రాత్రి అలా వదిలేయాలి.

ఆ రబ్బరు మందం సుమారు ఒక మిల్లీమీటరు. చిన్నదే అనిపిస్తుంది గానీ పిడి వెడల్పు రెండు, చుట్టుకొలత ఆరు మిల్లీమీటర్లు పెరుగుతుంది. చేయి చిన్నదైన వారికి ట్రిగ్గర్ దూరమవుతుంది, వేలి కొస మాత్రమే అందుతుంది. అలాంటి వారు ట్యూబు వాడొద్దు. ఇంకో చిక్కు తోలు హోల్‌స్టర్‌ది (తుపాకీ ఒర). దాని పట్టీ బొత్తానికి ఆ రెండు మిల్లీమీటర్లే చాలక, జనం బొత్తాం పెట్టకుండా వదిలేస్తారు. మోటారు సైకిల్ మీద కూర్చున్నప్పుడు తుపాకీ జారి రోడ్డున పడేది అందుకే. తొడుగు వేశాక బొత్తాం పడకపోతే హోల్‌స్టర్ మార్చాలి, లేదా తొడుగు తీసేయాలి.

తుప్పు సంగతి ఇంకా ముఖ్యం. సముద్రపు గాలిలో ఉప్పు, చేతి చెమటలో ఉప్పు. రెండూ రబ్బరు కింద చేరితే బయటికి పోయే దారి లేదు. తొడుగు వేసే ముందు ఇనప పట్టీల మీద కుట్టు మిషను నూనె కాకుండా కారుకు వాడే వ్యాక్స్ పలచగా రాసి, ఆరాక పొడిబట్టతో మెరిసేదాకా రుద్దాలి. ఎండాకాలంలో, ముసురు రోజుల్లో పదిహేను రోజులకోసారి తొడుగు విప్పి చూడాలి. గోధుమరంగు మచ్చ కనిపిస్తే అప్పుడే తుడిస్తే పోతుంది. నెలలు గడిస్తే ఇనుము గుంటలు పడుతుంది.

ట్యూబు నచ్చని వారు బ్యాడ్మింటన్ రాకెట్‌కు చుట్టే పలచటి టేపు వాడవచ్చు. కింది నుంచి పైకి, ఒక చుట్టు మీద మరొకటి కొద్దిగా ఎక్కేలా చుట్టి, పై కొసను ట్రిగ్గర్ గార్డు దిగువనే ఆపాలి. ఇది చెమట బాగా పీలుస్తుంది, అందుకే తడిని ఇనుముకు ఆనించి ఉంచుతుంది. వేసవిలో వారం పది రోజులకు మార్చే ఓపిక ఉంటేనే పెట్టుకోండి. మెట్లకు అంటించే గరుకు టేపు మాత్రం వద్దు. ఉప్పుకాగితం లాంటి ఆ టేపు చొక్కా లోపలి వైపును వారంలో చీల్చేస్తుంది.

చాలా చిన్న రివాల్వర్లలో ట్రిగ్గర్ గార్డు వెనక ఖాళీ ఉండి, పేల్చినప్పుడు గార్డు నడిమివేలి కణుపుకు కొడుతుంది. ఆ ఖాళీని ఎం-సీల్‌తో నింపవచ్చు. నేరుగా ఇనుముకు అంటించకూడదు. అలా అంటితే ఊడదీయడానికి ఉలి కావాల్సి వస్తుంది. పిడికి వంటింటి ప్లాస్టిక్ పొర రెండు చుట్లు బిగించి, రెండు ముద్దలూ సమపాళ్లలో రంగు ఒకటయ్యేదాకా పిసికి, ఉసిరికాయంత ఖాళీలో నొక్కి, తడిచేత్తో ఒక్కసారి పట్టుకొని వదలాలి. మరునాడు తీసి, తుపాకీకి దూరంగా కూర్చొని ఉప్పుకాగితంతో అంచులు గుండ్రం చేసి, ట్యూబు తొడుగు కింద ఇరికించాలి. ట్రిగ్గర్ వెనక్కి వచ్చే దారిలోకి ఆ ముక్క ఒక్క గింజంత కూడా పొడుచుకురాకూడదు. ఫెవిక్విక్ వాడితే దాని ఆవిరి చుట్టూ తెల్లటి పొరగా పేరుకుంటుంది.

ఇక పక్క చెక్కలు. కింది మూల పదునుగా ఉండి చొక్కాలోంచి పొడుచుకొస్తుంటే, చెక్కను విప్పి ఆ మూలను మూడు మిల్లీమీటర్ల మేర గుండ్రం చేస్తే చాలు, దాపరికం సగం కుదిరినట్టే. స్క్రూ గాటుకు సరిగ్గా పట్టే డ్రైవరే వాడాలి. తుపాకీకి ఉండగానే రుద్దితే పొడి స్ప్రింగు దగ్గరికి చేరుతుంది. 220 నంబరు కాగితం, తర్వాత 400. ఆపైన అవిశెనూనె పలచగా మూడు పూతలు, పూతకు పూతకు ఒక రోజు ఎడం. ఆ నూనెగుడ్డలను ఉండ చుట్టి పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, పరిచి ఆరబెట్టండి. బిగించేటప్పుడు స్క్రూ ఆగాక మరో తిప్పు తిప్పితే చెక్క రంధ్రం దగ్గర నిలువునా చీలుతుంది. కొత్త చెక్కలు కావాలంటే లైసెన్స్ ఉన్న ఆయుధ డీలరును అడగండి. ఉదయగిరిలో చెక్కపని చేసే చేతులు గొప్పవే, కాదనం. అయినా లైసెన్స్ లేని మనిషికి తుపాకీ అప్పగించడం నేరం. వెలిగొండ అడవుల ఎర్రచందనం ముక్కతో చేయించాలనే మోజు రెండో కేసు.

పిస్టల్ ఉన్నవారు ఒకటి చూసుకోవాలి. కోల్ట్ 1911 కుటుంబంలోనూ, కొన్ని పాత బ్రౌనింగ్‌లలోనూ పిడి వెనకే, అరచేత్తో నొక్కితేనే తుపాకీని పేలనిచ్చే నొక్కుడు సేఫ్టీ ఉంటుంది. దాని మీద రబ్బరు బిగిస్తే సేఫ్టీ ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది, లేదా అవసరానికి నొక్కుకోదు. రెండూ ప్రాణాంతకమే. అలాంటి వాటికి తొడుగే వద్దు. మ్యాగజైన్ ఊడదీసే బొత్తాం కూడా కప్పబడకూడదు.

ఆయుధాల చట్టం 1959 ప్రకారం తుపాకీ మీది గుర్తింపు నంబరును చెరపడం, మార్చడం నేరం. ఆకురాయి, సోల్డరింగ్ ఐరన్ వద్దని అంత గట్టిగా చెప్పడానికి ఇదొక కారణం. కరిగిన ప్లాస్టిక్, అరిగిన ఇనుము తిరిగి రావు. నంబరు పిడి మీద ఉన్న తుపాకీ అయితే రెన్యూవల్‌కు తీసుకెళ్లే రోజున, ఎన్నికల కోడ్‌లో స్టేషనులో జమ చేసే రోజున తొడుగు ఇంట్లోనే తీసి వెళ్లండి. నంబరు కనపడేలా ఇచ్చి, రసీదులో అదే నంబరు పడిందో లేదో అక్కడే చదువుకోండి.

2016 ఆయుధ నియమాలు దరఖాస్తుదారులకు భద్రతా శిక్షణను తప్పనిసరి చేశాయి. 2019 సవరణతో లైసెన్స్ గడువు అయిదేళ్లయింది. అయిదేళ్లలో ఒక్కసారైనా, రెన్యూవల్ సమయంలో, నెల్లూరు, ప్రకాశం జిల్లాల అధికారులు ఒక అరగంట పిడి, హోల్‌స్టర్‌ల పరిశీలనకు కేటాయించాలని కోరుతున్నాం. తడిచేత్తో ఖాళీ తుపాకీని హోల్‌స్టర్ నుంచి ఇరవైసార్లు తీయించి చూస్తే, తొడుగు తిరుగుతోందా, బొత్తాం పడుతోందా, వేలు ట్రిగ్గర్‌కు అందుతోందా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇట్లు,
లైసెన్సుదారులు కొందరు,
కావలి, నెల్లూరు జిల్లా