వెనక సీట్లో కూర్చున్నది లగేజీ కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో జంటగా సైకిల్ మీద కొండలూ సముద్ర తీరాలూ తిరిగేవాళ్ళ గురించి ఒక పేజీ వేశారు. చాలా సంతోషం అండి, టాండెం సైకిల్ గురించి, అంటే ఇద్దరు ముందూ వెనకా కూర్చుని తొక్కే సైకిల్ గురించి, అంత రాయడమే గొప్ప, కటింగ్ తీసి దాచుకున్నా కూడా. కానీ ఫోటో కింద లైను చదివాక మాత్రం ఊరుకోలేకపోయా. భర్త తొక్కుతుంటే వెనక కూర్చుని ప్రకృతిని ఆస్వాదిస్తున్న భార్య అని రాశారు. ఆస్వాదించడం! నేను 11 ఏళ్ళ నించి ఆ వెనక సీట్లోనే ఉన్నా, నాకు ఎక్కువగా కనిపించే ప్రకృతి మా ఆయన వీపు.

మీ విలేకరిగారు టాండెం ఎక్కలేదని ఆ ఒక్క లైన్లో తెలిసిపోయింది, తప్పేం లేదు, చాలామంది అలాగే అనుకుంటారు. అసలు సంగతి ఏంటంటే ముందు పెడల్స్‌కీ వెనక పెడల్స్‌కీ మధ్య, మామూలుగా ఎడమవైపున, ఒక పొడుగాటి చైను ఉంటుంది, టైమింగ్ చైను అంటారు. కుడివైపు మామూలు చైను వెనక చక్రాన్ని తిప్పుతుంది. ఈ ఎడమ చైను మా ఇద్దరి కాళ్ళనీ కట్టేస్తుంది, జోడెడ్ల మీద కాడి లాగా అనుకోండి. ఆయన కాళ్ళు తిరిగితే నావి తిరగాల్సిందే, నేను బిగబట్టి ఆపితే ఆయనవీ ఆగాల్సిందే. కాళ్ళు ఊరికే పెడల్ మీద పెట్టి కూర్చోవచ్చు కదా అంటారు, పెట్టొచ్చు, రెండు నిమిషాలు. ముందున్న మనిషికి వెంటనే తెలిసిపోతుంది, బస్తా కట్టుకుని తొక్కుతున్నట్టు ఉందని అడిగేస్తాడు. ముందు కూర్చున్నవాళ్ళని కెప్టెన్ అంటారు, వెనకవాళ్ళని స్టోకర్ అంటారు. స్టోకర్ అంటే ఆవిరి ఇంజన్లో పారతో బొగ్గు వేసే మనిషి. పేరులోనే ఉంది కదండీ పని ఏంటో, ప్యాసింజర్ అని ఎవరూ అనలేదు.

ఇంకో మాట రాశారు, ఇద్దరు తొక్కుతారు కాబట్టి కష్టం సగమే అని. ఇది సగం నిజం. నేల సమంగా ఉన్నచోట నిజమే, ఎందుకంటే నేను ఆయన వెనక దాక్కుని ఉంటా కాబట్టి గాలిని చీల్చేది దాదాపు ఒక్క మనిషే, తోసేవి మాత్రం నాలుగు కాళ్ళు, అందుకే ఒంటరి సైకిళ్ళ వాళ్ళు మా వెనక చేరి గాలి తప్పించుకుంటూ వస్తుంటారు, అప్పుడు భలే గర్వంగా ఉంటుంది లెండి. ఎక్కుడు మొదలవగానే వాళ్ళే చెయ్యి ఊపి ముందుకి వెళ్ళిపోతారు. కొండ దగ్గర గాలి లెక్క పోయి బరువు లెక్క వస్తుంది, అక్కడ ఎవరి బరువు వాళ్ళు మోసుకోవాల్సిందే, సగం డిస్కౌంట్ ఏమీ లేదు. పైగా సీటు మీంచి లేచి నిలబడి తొక్కాలంటే ఇద్దరూ ఒకేసారి లేవాలి, ఒకరు అటు ఊగి ఒకరు ఇటు ఊగితే సైకిల్ పాములా పోతుంది. ఆయనకి నిదానంగా బరువుగా తొక్కడం ఇష్టం, నాకు తేలిగ్గా గబగబా తిప్పడం ఇష్టం, ఇద్దరికీ ఒకటే గేరు. మొదటి ఏడాది మా గొడవలన్నీ ఈ గేరు మీదే. టాండెం వాళ్ళలో ఒక జోకు ఉంది, కాపురం ఎటు పోతుంటే ఈ బండి అటే ఇంకాస్త తొందరగా తీసుకెళ్తుందని.

కొండలు ఎక్కడం గురించి మీరు మూడు కాలమ్‌లు రాశారు, దిగడం గురించి ఒక్క ముక్క లేదు. అసలు భయం అక్కడుందండి. ఇటలీలో స్టెల్వియో అని ఆల్ప్స్ కనుమ ఉంది, 2,757 మీటర్ల ఎత్తు, ఆ రోడ్డు 1820ల్లో వేశారు. మేము బోర్మియో వైపు నించి ఎక్కి ప్రాటో వైపు దిగాం. ప్రాటో వైపు 48 హెయిర్‌పిన్ మలుపులు, ఒక్కో మలుపు దగ్గరా నంబరు రాసిన రాయి ఉంటుంది, పైనించి చూస్తే ఎవరో రిబ్బను మడతలు పెట్టి జారవిడిచినట్టు ఉంటుంది రోడ్డు. 24 కిలోమీటర్లలో 1,800 మీటర్ల కిందకి. మేమిద్దరం, సైకిలు, బ్యాగులు అన్నీ కలిపి 180 కిలోల దాకా ఉంటాం. అంత బరువు అంత ఎత్తు నించి దిగేటప్పుడు పుట్టే శక్తి ఎక్కడికో పోవాలి కదా, కొంత గాలికి పోతుంది మిగతాది బ్రేకుల్లో వేడిగా మారుతుంది. తర్వాత ఒకసారి కూర్చుని లెక్క వేశా, మొత్తం వేడిగానే మారిందనుకుంటే తొమ్మిది లీటర్ల చన్నీళ్ళు మరిగించొచ్చు. అదంతా జానెడు వెడల్పు బ్రేకు డిస్కులు రెండు భరించాలి.

మా ఆయన జాగ్రత్త మనిషి, జాగ్రత్తే కొంప ముంచింది. వేగం పెరగకూడదని బ్రేకు వదలకుండా సన్నగా పట్టుకునే దిగుతున్నాడు. ఇరవై మలుపులు దాటాక నాకు వాసన వచ్చింది, ఏదో కాలుతున్న వాసన, ముందు ఏ కారుదో అనుకున్నా. ఆయన భుజాలు చూశా, బిగుసుకుపోయి చెవుల దాకా వచ్చేశాయి, పదకొండేళ్ళు ఆ వీపు చూసిన మనిషిని కదా, మాట్లాడకపోయినా తెలుస్తుంది. ఏమైంది అన్నా. లివరు హ్యాండిల్‌కి ఆనుకుంటోంది అన్నాడు చిన్న గొంతుతో. అంటే బ్రేకులో ఆయిల్ మరిగే దాకా వచ్చిందన్నమాట, బుడగలు వస్తే ఇంక లివరు ఎంత నొక్కినా ఖాళీయే. అదృష్టం కొద్దీ తర్వాతి మలుపు దగ్గర లోపలి అంచున కాస్త ఖాళీ జాగా ఉంది, అక్కడ దాదాపు కాళ్ళు ఈడ్చి ఆపాం. వెనక డిస్కు నీలంగా ఊదాగా రంగు తిరిగిపోయి ఉంది. సీసాలో నీళ్ళు పోద్దామన్నాడు, వద్దని చెయ్యి పట్టుకున్నా, అంత వేడి ఇనుము మీద చన్నీళ్ళు పడితే వంకర పోతుంది. అరగంట ఆ రాయి మీద కూర్చున్నాం, ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆ రోజు నేర్చుకున్నది చాలామంది నమ్మరు, అందుకే రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది. నడక వేగంతో దిగితే వేడి నిదానంగా పుడుతుంది, చల్లారడానికి టైము దొరుకుతుంది. బాగా వేగంగా వదిలేస్తే గాలే సగం బ్రేకు వేస్తుంది. ఈ రెండిటికీ మధ్యరకం వేగంలో బ్రేకు పట్టుకునే ఉండటమే అన్నిటికంటే ప్రమాదం. అందుకని తిన్నని రోడ్డులో వదలాలి, మలుపుకి ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించాలి, మళ్ళీ వదలాలి. చక్రం అంచునే పట్టి ఆపే పాత రకం రిమ్ము బ్రేకులైతే ఇంకా ఘోరం, రిమ్ము వేడెక్కి ట్యూబులో గాలి ఒత్తిడి పెరిగి టైరు ఎగిరి బయటికి వచ్చేస్తుంది. అందుకే పెద్ద కొండలకి వెళ్ళే టాండెంలకి మూడో బ్రేకు ఒకటి ఉంటుంది, దాని లివరు చాలామంది వెనక మనిషికి ఇస్తారు. మేము కూడా తర్వాత పెట్టించాం, లివరు నా దగ్గరే. ఇప్పుడు ఆయన మలుపు చూసి హూ అంటాడు, నేను పడతా. ప్రకృతిని ఆస్వాదిస్తూనే లెండి.

ఇక సముద్ర తీరం. తీరం అంటే సమంగా ఉంటుంది హాయిగా వెళ్ళొచ్చు అని మీ వ్యాసంలో ఉంది, అది చదివి ఎవరైనా బయల్దేరితే పాపం. అమెరికా పశ్చిమ తీరంలో ఓరెగాన్, కాలిఫోర్నియా మీదుగా వెళ్ళే దారి మేము తొక్కాం. ప్రతి నది సముద్రంలో కలిసేచోట రోడ్డు కిందకి దిగుతుంది, వెంటనే కొండ కొమ్ము మీదకి ఎక్కుతుంది, మళ్ళీ దిగుడు మళ్ళీ ఎక్కుడు, సాయంత్రం కూడి చూస్తే ఒక కనుమ ఎక్కినంత అవుతుంది కానీ కనుమ ఎక్కామన్న పేరు మాత్రం రాదు. అక్కడ ఎండాకాలం గాలి ఉత్తరం, వాయవ్యం వైపు నించి కొడుతుంది కాబట్టి అందరూ ఉత్తరం నించి దక్షిణానికే వెళ్తారు. ఇంకో లాభం కూడా ఉంది, అక్కడ బళ్ళు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి కదా, దక్షిణానికి వెళ్తుంటే సముద్రం మన పక్కనే ఉంటుంది. దారి మధ్యలో ఒకసారి మనసు మార్చుకుని సగం రోజు వెనక్కి తొక్కాం, మర్చిపోయిన వస్తువు కోసం, ఎవరు మర్చిపోయారో రాయను. ఆ సగం రోజులో గాలి అంటే ఏంటో తెలిసింది.

ఓరెగాన్ మొదట్లోనే కొలంబియా నది మీద ఆస్టోరియా వంతెన ఉంది, 6.5 కిలోమీటర్ల పొడుగు, అంచున సైకిల్‌కి ఉన్న జాగా చాలా తక్కువ. టాండెం పొడుగ్గా ఉంటుంది, బ్యాగులు కూడా ఉంటాయి కాబట్టి పక్కగాలికి తెరచాప లాగా పనిచేస్తుంది. లారీ పక్కనించి పోయినప్పుడు ముందు గాలి ఆగిపోతుంది, లారీ దాటగానే ఒక్కసారిగా కొడుతుంది. వెనక వచ్చే బండి శబ్దం ముందు నాకు వినపడుతుంది, హ్యాండిల్ ఆయన చేతిలో ఉంది. నేను లారీ అనాలి, ఆయన పట్టు బిగించాలి. ఆ వంతెన మీద నేను మాట్లాడిన మాటలన్నీ లారీ, కారు, లారీ, లారీ, అంతే. నా హ్యాండిల్ తిరగదు కదా, ఆయన సీటు కిందకే బిగించి ఉంటుంది, నేను ఎంత గట్టిగా పట్టుకున్నా సైకిల్‌కి ఏ సంబంధం లేదు, అది తెలిసీ పట్టుకుంటా. కొంచెం కిందకి వస్తే ఆర్చ్ కేప్ అని ఒక సొరంగం వస్తుంది. దాని ముందు ఒక బటన్ ఉంటుంది, నొక్కితే సొరంగంలో సైకిల్ ఉందని లైట్లు వెలిగి ఆరుతూ కార్లవాళ్ళకి చెప్తాయి. బటన్ నొక్కడం నా డ్యూటీ. నొక్కి, లైటు వెలిగిందని చూసి, పద అనాలి. పద అన్నాకే ఆయన పెడల్ మీద కాలేస్తాడు.

ఇవి కాక మ్యాపు చూడటం, మలుపుల దగ్గర చెయ్యి చూపించడం, నీళ్ళ సీసా ముందుకి అందించడం, ఫోటోలు తీయడం, అన్నీ నేనే, తొక్కుతూనే. ఆయన పని తక్కువని నేను అనట్లేదండి. సిగ్నల్ దగ్గర ఆగితే నా రెండు కాళ్ళూ పెడల్స్ మీదే ఉంటాయి, మొత్తం బరువు ఆయన రెండు కాళ్ళ మీద నిలబెడతాడు. గుంత వస్తుంటే గుంత అని అరవాలి ఎందుకంటే నాకు కనపడదు, ఒకసారి అరవడం మర్చిపోతే రెండు రోజులు నేను సరిగ్గా కూర్చోలేకపోయా. అది వేరే కథ.

చూపు లేనివాళ్ళ సంగతి కూడా మీ వ్యాసంలో ఉంటే బావుండేది. పారాలింపిక్స్‌లో చూపు లేని సైక్లిస్టులు పోటీ పడేది టాండెం మీదే, చూపున్న పైలట్ ముందు ఉంటారు, పోటీదారు వెనక సీట్లో ఉంటారు. గెలిస్తే ఇద్దరికీ మెడల్ ఇస్తారు కానీ అక్కడ అసలు ఆటగాళ్ళు వెనక కూర్చున్నవాళ్ళు. మామూలు ఒలింపిక్స్‌లో కూడా 1972 దాకా టాండెం పందెం ఉండేది, తర్వాత తీసేశారు. ఇంకా భార్యాభర్తలే తొక్కాలనీ లేదు. బ్రిటన్‌కి చెందిన క్యాట్ డిక్సన్, రాజ్ మార్స్‌డెన్ అనే ఇద్దరు స్నేహితురాళ్ళు 2019లో బయల్దేరి 2020 మార్చిలో ప్రపంచం చుట్టి వచ్చారు టాండెం మీద, 263 రోజుల్లో. ప్రపంచం చుట్టినట్టు రికార్డు ఒప్పుకోవాలంటే సైకిల్ మీదే 18,000 మైళ్ళు, అంటే దాదాపు 29,000 కిలోమీటర్లు తొక్కాలి. అన్ని వేల కిలోమీటర్లు ఒకరు తొక్కి ఒకరు కూర్చుంటే అయ్యే పనేనా మీరే చెప్పండి.

రైళ్ళు విమానాల వాళ్ళతో పడే బాధల గురించి రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది. ఒక విమానం కౌంటర్ దగ్గర ఇది సైకిలా రెండు సైకిళ్ళా అని ముప్పావుగంట వాళ్ళలో వాళ్ళు వాదించుకున్నారు, తర్వాత నించి మధ్యలో విడదీసి పెట్టెల్లో సర్దే రకం ఫ్రేము తీసుకున్నాం, అంతటితో వదిలేస్తున్నా.

నా విన్నపం చిన్నది. ఇంకోసారి టాండెం వాళ్ళు మీ విలేకరికి దొరికితే వెనక సీటు మనిషిని కూడా రెండు ప్రశ్నలు అడగమనండి, మీ వ్యాసంలో ఆయన మాటలు పద్నాలుగు వాక్యాలు ఉన్నాయి, నేను లెక్కపెట్టా, ఆవిడ మాట ఒక్కటీ లేదు. ఆ ఫోటోని భూతద్దం పెట్టి చూశా కూడా. వెనక ఎక్కుడు రోడ్డు కనిపిస్తోంది, ఆయన కెమెరా వైపు తిరిగి నవ్వుతున్నాడు, ఆవిడ తల వంచుకుని ఉంది, పిక్క రాయిలా బిగుసుకుపోయి ఉంది. ఆ సైకిల్‌ని ఆ నిమిషంలో ఎవరు తోస్తున్నారో మీ ఫోటోగ్రాఫర్ గారికి మాత్రం బాగానే దొరికింది.

ఇట్లు,
పదకొండేళ్ళ వెనక సీటు పాఠకురాలు