వార్షిక నివేదిక: యుద్ధకాలపు రవాణా, యంత్రాల స్టీరియో చిత్రాల సేకర్తల సంఘం

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మనం ఒక తీర్మానం చేసుకున్నాం. కొత్త స్టీరియో కార్డుల (ఒకే అట్ట మీద పక్కపక్కన అతికించిన జంట ఫోటోల) వేట కొంత తగ్గించి, ఇప్పటికే మన పెట్టెల్లో ఉన్న కార్డుల మీద రాసి ఉన్న వివరం నిజమేనా అని ఒక్కొక్కటే పరిశీలించాలని. ఏడాది పొడవునా ప్రధానంగా సాగింది ఆ పనే. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను. మిగతా పనులు క్లుప్తంగా చెబుతాను.

కొత్తగా చేరిన సభ్యుల కోసం ముందుగా కొంచెం నేపథ్యం. రెండు కళ్లకూ కొద్దిపాటి తేడా ఉన్న రెండు బొమ్మలు విడివిడిగా చూపిస్తే మెదడు వాటిని కలిపి లోతుగా చూస్తుందని చార్లెస్ వీట్‌స్టన్ 1838లో అద్దాల పరికరంతో నిరూపించాడు. 1849లో డేవిడ్ బ్రూస్టర్ కటకాలతో చిన్న పెట్టె లాంటి వ్యూయర్ రూపొందించాడు. 1851 నాటి లండన్ మహా ప్రదర్శన తర్వాత అది ఇళ్లలోకి వెళ్లింది. 1861లో అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ చేత్తో పట్టుకుని చూసే తేలికపాటి వ్యూయర్ తయారుచేసి, దానికి పేటెంట్ కూడా తీసుకోలేదు. కాబట్టి ఎవరైనా చేసి అమ్ముకోగలిగారు. అక్కడ అంతర్యుద్ధం మొదలైందీ ఆ ఏడాదే. యుద్ధరంగపు రైళ్లు, వంతెనలు, ఫిరంగులు సామాన్యుల ఇళ్లలో లోతుతో సహా కనిపించడానికి ఆ వ్యూయర్ దారి వేసింది.

క్యాప్షన్ల పరిశీలన

మొదట యుద్ధ ట్యాంకుల కార్డులు తీసుకున్నాం. సభ్యుల దగ్గర అవే ఎక్కువ. నమ్మలేని క్యాప్షన్లు ఎక్కువగా బయటపడిందీ వాటిలోనే. ట్యాంకులు మొదటిసారి యుద్ధంలోకి దిగింది 1916 సెప్టెంబరు 15న, ఫ్రాన్స్‌లోని సోమ్ రంగంలో, ఫ్లెర్స్, కోర్స్‌లెట్ గ్రామాల దగ్గర. అవి బ్రిటిష్ సైన్యపు మార్క్ 1 రకం. మలుపు తిప్పడానికి సాయంగా వాటి వెనక రెండు చక్రాల తోక ఉండేది. 1917 జూన్‌లో మెసీన్ దగ్గర రంగంలోకి వచ్చిన మార్క్ 4కి ఆ తోక లేదు. బురదలో కూరుకుపోతే బయటపడటానికి బరువైన దుంగ ఒకటి, దాన్ని వెనక్కి జరుపుకోవడానికి పైకప్పు మీదుగా రెండు ఇనుప పట్టాలు తర్వాత వచ్చాయి. కాబట్టి ‘సోమ్, 1916’ అని అచ్చయిన కార్డులో పైకప్పు మీద ఆ పట్టాలు కనిపిస్తే, ఆ తేదీని పక్కన పెట్టాల్సిందే. ట్యాంకు నెత్తిన పెద్ద కట్టెల మోపు ఉంటే 1917 నవంబరు 20న మొదలైన కాంబ్రే దాడి గుర్తుకు రావాలి. వెడల్పాటి కందకాల్లో ఆ మోపుల్ని పడేసి, వాటి మీదుగా ట్యాంకులు దాటాయి.

మామూలు ఫోటోలో ఆ పట్టాలు వెనక ఉన్న మోడు చెట్ల కొమ్మల్లోనో ముళ్లకంచెలోనో కలిసిపోయి కనిపించవు. వ్యూయర్‌లో పెట్టగానే కంచె వెనక్కి పోతుంది, పట్టాలు ముందుకు వస్తాయి. మనం సేకరించే ఈ కార్డుల అసలు విలువ ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఇవి చూసి ఆనందించడానికే కాదు, సాక్ష్యంగా కూడా పనికొస్తాయి. ఆనాటి సైన్యాలకూ ఈ సంగతి తెలుసు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం ముందుకు సాగుతుండగా కొద్ది వ్యవధిలో, ఒకదాని మీద ఒకటి కొంత భాగం పడేలా రెండు ఫోటోలు తీసి స్టీరియో వ్యూయర్ కింద పెట్టి చూసేవారు. రంగులు పూసి నేలలో కలిపేసిన ఫిరంగి చదునైన ఫోటోను మోసం చేయగలదు కానీ, దాని ఎత్తు జంట ఫోటోల్లో బయటపడిపోతుంది.

ఇలాంటి వైమానిక చిత్రాల కార్డులు చూసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మన కళ్ల మధ్య దూరం సుమారు 65 మిల్లీమీటర్లు. రెండు ఫోటోలు తీసిన చోట్ల మధ్య దూరం దానికి ఎన్నో రెట్లు ఉంటే లోతు విపరీతంగా పెరుగుతుంది, దృశ్యం మొత్తం చిన్న నమూనాలా కనిపిస్తుంది. కందకం కొండలోయలా ఉందని దాని లోతు లెక్క కట్టకూడదు.

అమెరికా అంతర్యుద్ధం కార్డుల్లో ఎక్కువ చర్చ జరిగింది 1864లో వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్ ముట్టడిలో వాడిన ‘డిక్టేటర్’ మోర్టార్ (గుండును బాగా ఎత్తుగా విసిరే పొట్టి ఫిరంగి) గురించి. గొట్టం వ్యాసం 13 అంగుళాలు, బరువు 17,000 పౌండ్లకు పైనే. తీరరక్షణ కోసం పోత పోసిన దాన్ని రైలు బల్లబండి మీదికి ఎక్కించి నడిపించారు. ఒక్కో గుండు 200 పౌండ్లకు మించిన బరువు. కార్డును వ్యూయర్‌లో చూస్తే మోర్టారుకూ బండి అంచుకూ మధ్య ఎంత తక్కువ చోటు మిగిలిందో అర్థమవుతుంది. సిటీ పాయింట్ రేవులో సైనిక రైల్వే ఇంజన్లు, సరుకు బండ్లు ఉన్న చిత్రాలను కూడా దీని పక్కనే పెట్టి చూడమని సభ్యులకు నా సూచన. జేమ్స్ నది మీద ఓడల్లో వచ్చిన సరుకు ఆ పట్టాల మీదుగా ముట్టడి సైన్యానికి చేరేది. ఆ రైలు లేకపోతే ఈ మోర్టార్ లేదు. అప్పటి తడి కొలోడియన్ ప్లేట్లకు (తడి రసాయనం పూసిన గాజు నెగటివ్‌లకు) కొన్ని సెకన్ల వెలుగు కావాలి కాబట్టి ఆ చిత్రాల్లో ఇంజన్లు నిలిచే ఉంటాయి. ‘పరుగు తీస్తున్న రైలు’ అని ఎవరైనా అమ్మజూపితే ఆ మాట నమ్మకండి.

తేదీ తేల్చడానికి కార్డు వెనక వైపూ చూడాలి. అమెరికాలో 1864 సెప్టెంబరు నుంచి 1866 ఆగస్టు 1 వరకు ఫోటోల మీద పన్ను స్టాంపు అంటించాలని చట్టం ఉండేది. స్టాంపు ఉంటే ఆ కార్డు అమ్ముడైన కాలం దాదాపు తేలిపోయినట్టే. లేనంత మాత్రాన నకిలీ అనడానికి వీల్లేదు. చదునైన అట్టలు ముందుకాలానివి, కొద్దిగా వంపు తిరిగిన అట్టలు 1880 ప్రాంతం నుంచి వచ్చాయి. కీస్టోన్ అనే కార్డుల సంస్థ అచ్చు వేసిన వాటి మీద నెంబరుకు ముందు ఇంగ్లీషు ‘వి’ (V) అక్షరం ఉంటే, ఆ నెగటివ్ అండర్‌వుడ్ అండ్ అండర్‌వుడ్ అనే మరో సంస్థ నుంచి వాళ్ల చేతికి వచ్చిందని అర్థం. అంటే మొదట వేరే క్యాప్షన్‌తో అచ్చయిన చిత్రమే మన చేతిలో ఉండొచ్చు. కీస్టోన్ నెగటివ్‌లు ఇప్పుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్‌లోని ఫోటోగ్రఫీ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

మన సభ్యులు ఎక్కువ ఇష్టంగా చేసిన పని ‘రియలిస్టిక్ ట్రావెల్స్’ కార్డుల పరిశీలన. ఆ సంస్థ నడిపిన గర్డ్‌వుడ్ 1915లో ఫ్రాన్స్‌లో ఉన్న భారత సైన్యాన్ని ఫోటోలు తీశాడు. ఆయన చిత్రాల్లో కెమెరా కోసం చేయించిన దృశ్యాలూ ఉన్నాయి కాబట్టి, ‘శత్రువు మీద దాడి’ అనే క్యాప్షన్ కన్నా వెనక వరసలోని బండ్లు, జీనులు, కంచర గాడిదలు ఎక్కువ నమ్మకంగా మాట్లాడతాయి. యుద్ధ రవాణా అనగానే మనకు లారీలు, ట్రాక్టర్లు, రైలు ఫిరంగులు గుర్తొస్తాయి. కానీ చివరి మైళ్లలో తిండి, మందుగుండు చాలావరకు జంతువుల వీపుల మీదే వెళ్లాయి. 1914లో భారత దళాలతో పాటు కంచర గాడిదల రవాణా దళాలూ ఫ్రాన్స్ చేరాయి. వాటిని నడిపినవాళ్ల పేర్లు ఏ కార్డు మీదా కనపడవు. అందుకే మన జాబితాలో ‘యంత్రం’ గడి పక్కన ‘మనుషులు, జంతువులు’ అని కొత్త గడి చేర్చాం. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏం పని చేస్తున్నారు, ఏ దుస్తుల్లో ఉన్నారు అన్నది రాయాలి. ఈ గడిని ఖాళీగా వదలొద్దని సభ్యులను గట్టిగా కోరుతున్నాను.

తప్పు అని తేలిన క్యాప్షన్‌ను ఏం చేయాలన్న విషయంలో కార్యవర్గంలో కొంత వాదన నడిచింది. చివరికి తీసుకున్న నిర్ణయం ఇది: అచ్చులో ఉన్న మాటను అక్షరం మార్చకుండా రాస్తాం, దాని కింద మన అభిప్రాయాన్ని కారణంతో సహా రాస్తాం. ఆ కాలం జనానికి ఏం చెప్పి అమ్మారన్నది కూడా చరిత్రే.

గాజు పలకలు

ఫ్రెంచి గాజు పాజిటివ్‌లలో (గాజు పలక మీదే అచ్చు తీసిన బొమ్మలలో) కొన్నింటిలో లోతు తలకిందులుగా కనిపిస్తోందని కొందరు సభ్యులు రాశారు. నెగటివ్ నుంచి నేరుగా అచ్చు తీసినప్పుడు ఎడమ బొమ్మ కుడికి, కుడిది ఎడమకు వస్తుంది. వాటిని మార్చి అమర్చాలి. అమర్చకపోతే దూరంగా ఉన్నది దగ్గరగా, గుంత గుట్టగా కనిపిస్తుంది. పరీక్ష తేలిక. దూరంగా ఉన్న ఒక కొండ శిఖరం ఎడమ బొమ్మలో ఉన్న చోటికీ కుడి బొమ్మలో ఉన్న చోటికీ మధ్య దూరం స్కేలుతో కొలవండి, దగ్గరగా ఉన్న ఒక చక్రానికీ అలాగే కొలవండి. కొండకు వచ్చిన కొలతే ఎక్కువ ఉండాలి. తక్కువ ఉంటే పలక తారుమారైనట్టు. గాజును కోయొద్దు. స్కాన్‌లో మార్చుకుంటే చాలు.

భద్రపరచడం, స్కానింగ్

కార్డులకు పీవీసీ కవర్లు పూర్తిగా ఆపేశాం, పాలిస్టర్ కవర్లు పంచాం. వంపు అట్టలను బరువు పెట్టి చదును చేయకండి, పైపొర పగులుతుంది. గాజు పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, కాగితం కవర్లలో పొడవు అంచు మీద నిలబెట్టాలి. స్కాన్ చేసేటప్పుడు రెండు బొమ్మలను విడదీయకుండా అట్ట అంచులతో సహా, ముందూ వెనకా తీయాలి. రంగులు అద్దడం, కంప్యూటర్‌తో వివరాలు పూరించడం మన జాబితాకు పంపే ప్రతుల్లో వద్దు. లేని బోల్టు ఒకటి చేరినా యంత్రాన్ని గుర్తించే పని చెడిపోతుంది.

సెట్‌గా వచ్చిన కార్డులను విడగొట్టి అమ్మడం ఈ ఏడాదీ చూశాం. పెట్టె, వరస నెంబర్లు పోతే ఏ చిత్రం తర్వాత ఏది చూపించారన్నది పోతుంది. మన సభ్యులు అలా చేయకూడదని కార్యవర్గం తీర్మానించింది.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంపారు. చందాల సొమ్ములో ఎక్కువ భాగం కవర్లకు, స్కానింగ్‌కు ఖర్చయింది.

వచ్చే ఏడాది 45×107 మిల్లీమీటర్ల గాజు పలకలు తీసుకుందాం. జూల్ రిషార్ 1893లో తెచ్చిన వెరాస్కోప్ లాంటి చిన్న కెమెరాలతో సైనికులు సొంతంగా తీసుకున్న చిత్రాలు వాటిలో ఉంటాయి. అవి దుకాణాల కోసం అచ్చయినవి కావు, కొన్నింటికి వేరే ప్రతే లేదు. అంచు మీద చేతిరాత ఉన్న పలకలు మీ దగ్గరుంటే, తుడవకుండా, ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి వచ్చే సర్వసభ్య సమావేశానికి ముందే జాబితా బాధ్యులకు అందజేయండి.

ఇట్లు
కార్యదర్శి