కవరు పేజీ మీద ఆరు పేర్లు, లోపల ఒక్కటే చేతిరాత

సంపాదకులు గారికి నమస్కారం.

దేవరకొండలో నాకు చిన్న జిరాక్స్ దుకాణం ఉంది. చార్టులు, పెన్నులు, పాస్‌పోర్ట్ ఫోటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు అన్నీ అక్కడే. బళ్లలో ఎఫ్‌ఏ, అంటే ఇంటర్నల్ మార్కుల పరీక్ష, దగ్గరపడిందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మామూలుగా రోజుకు రెండు కూడా పోని థర్మాకోల్ షీట్లు ఒక్క సాయంత్రంలో ఇరవై పోతాయి. బడి వదిలీ వదలగానే పిల్లలు గుంపులుగా వచ్చి కౌంటర్ మీద పడతారు. అందరిదీ ఒకటే మాట: "అంకుల్, గ్రూప్ ప్రాజెక్టు. రేప్పొద్దుగాల్నే ఇయ్యాలె."

ఆ గ్రూప్ ప్రాజెక్టుల గురించే ఈ లేఖ.

మొన్న ఒక సాయంత్రం ఐదుగురు మగపిల్లలు వచ్చారు. ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు అట. నెట్‌లో నుంచి పది పేజీలు తియ్యాలి, బొమ్మలు కలర్‌లో ఉండాలి. కలర్ పేజీ పది రూపాయలు అన్నాను. అక్కడ మొదలైంది పంచాయితీ. ఒకడి దగ్గర ఇరవై ఉన్నాయి, ఒకడి దగ్గర ఐదు. హాస్టల్‌లో ఉండే పిల్లగాడు జేబులు బయటికి తీసి చూపించాడు. చివరికి ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్ల పేరు కవరు పేజీ మీద ముందు పెట్టాలని తీర్మానం అయింది. హాస్టల్ పిల్లగాడు "నేను రాస్త" అన్నాడు. రాసేదేముంది, అంతా ప్రింటే కదా అన్నారు మిగతావాళ్లు. వాడి పేరు అట్టడుగున పడింది.

ప్రింట్లు వస్తుంటే కాళ్లు వంకరపోయిన పిల్లల ఫోటో ఒకటి బయటికొచ్చింది. ఏ దేశానిదో తెలియదు. అది చూసి ఆ హాస్టల్ పిల్లగాడే మెల్లగా అన్నాడు: "మా తాత నడుం గూడ గిట్లనే వంగుంటది." వాడిది మర్రిగూడ దిక్కు ఊరు. మిగతావాళ్లు వినిపించుకోలేదు. ఒకడికి బస్సు టైమైంది, ఇంకొకడు చిల్లర లెక్కపెడుతున్నాడు.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ అంటే పుస్తకంలో పాఠం కాదని మీకు నేను చెప్పాలా? తాగే నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టినవాళ్లు, నడుము లేవనివాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలోనే ఉన్నారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి బయటి దేశాల్లో కూడా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. ఆ పది పేజీల్లో నల్గొండ మాట వచ్చింది ఆ ఒక్కచోటే. పిల్లలు అది చూడను కూడా లేదు. అదే ఆ ఐదుగురూ ఆ తాత మంచం పక్కన ఒక గంట కూర్చుని, చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగావు తాతా, నొప్పులు ఎప్పుడు మొదలైనయ్, మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినంక ఏం మారింది అని అడిగి రాసుకొస్తే? నాలుగు పేజీలే అయినా అదీ ప్రాజెక్టు అంటే. దానికి నా కలర్ ప్రింటర్‌తో పని లేదు. ఆ పిల్లగాడి పేరు అడుగున ఉండేదీ కాదు.

ఇందులో నా పాపం కూడా ఉంది, దాచను. నా కంప్యూటర్‌లో 'ప్రాజెక్ట్స్' అని ఒక ఫోల్డర్ ఉంది. నీటి కాలుష్యం, సౌర కుటుంబం, వలసలు, ఏది కావాలంటే అది. పేర్లు మార్చి ప్రింటు కొట్టడమే. మూడేళ్ల కింద ఒక అమ్మాయి కూర్చుని శ్రద్ధగా టైప్ చేయించుకున్న వలసల ఫైలు ఇప్పటికి నలభై మందికైనా పోయి ఉంటుంది. అందులో 'పాలమూరు' అన్న మాటను నేనే తప్పుగా టైప్ చేశాను. ఇన్నేళ్లలో ఏ సారూ దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టలేదు. నేను ఇవ్వకపోతే పక్క దుకాణానికి పోతారు. ఈ మధ్య నా ఫోల్డర్‌కు కూడా గిరాకీ తగ్గింది లెండి. పిల్లలే ఫోన్‌లో చాట్‌జీపీటీని అడిగి, వచ్చింది వచ్చినట్టు నా వాట్సాప్‌కు పంపి, ప్రింటు తియ్యమంటున్నారు.

మా ఇంట్లో సంగతి ఇంకో రకం. మా పాప తొమ్మిదో తరగతి. చేతిరాత బాగుంటుందని ఏ గ్రూపులో వేసినా రాసే పని దానికే. పోయిన నవంబర్‌లో ఆరుగురి గ్రూపు. ఆదివారం మా ఇంట్లో కూర్చుని చేద్దామనుకున్నారు. ఇద్దరు వచ్చారు. మా ఇంటావిడ వేసిన మిరపకాయ బజ్జీలు తిని, కాసేపు ఫోన్ చూసి పోయారు. రాత్రి పదకొండు దాకా ఇది ఒక్కతే రాసింది, గీసింది, అతికించింది. చివరికి కవరు పేజీ దగ్గర ఆగిపోయింది. ఆరో అమ్మాయి రెండు వారాలుగా బడికే రావడం లేదు. "పేరు రాయకుంటే దానికి మార్కులు పోతయ్ డాడీ, రాస్తే మిగిలినోళ్లు లొల్లి చేస్తరు" అంది. పెన్సిల్‌తో రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. కాగితం అక్కడ నూగు లేచింది.

తర్వాత తెలిసింది, ఆ అమ్మాయి వాళ్లమ్మతో పత్తి ఏరడానికి పోతోందని. కూలీలు దొరకని రోజులు. పొద్దున్నే చేనుకు పోయి చీకటి పడ్డాక ఇంటికొచ్చే పిల్లను మేమంతా పని ఎగ్గొట్టింది అనుకున్నాం. బజ్జీలు తిన్న ఇద్దరి పేర్లు మాత్రం ఎవరూ అడగకుండానే పెన్నుతో పడ్డాయి. అందరికీ 5కు 5 వచ్చాయి. మా పాప మూడు రోజులు ముభావంగా ఉంది. ఇప్పుడు గ్రూప్ అంటేనే దానికి టెన్షన్.

సార్లను ఊరికే తిట్టలేను. ఒక్కో ఎఫ్‌ఏకు 20 మార్కులు, అందులో ప్రాజెక్టుకు 5. ఆరేడు సబ్జెక్టులు, ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు. అంటే ఒక్కో పిల్లవాడి పేరు మీద ఏడాదికి కనీసం 24 ప్రాజెక్టులు! గ్రూపులు కట్టినా ఒక్కో టీచర్ ముందు ఎన్ని ఫైళ్లు పడతాయో చూడండి. ఎవరు చదవగలరు? అట్ట బాగుంటే 5, లేకుంటే 4. పైగా మార్కులు ఎక్కించడానికి గడువు.

పదో తరగతిలో ఈ ఇంటర్నల్ 20 మార్కుల మీద పైవాళ్లకే నిలకడ లేదు. 2024 నవంబర్‌లో ఎత్తేస్తున్నాం, ఇక 100 మార్కుల పరీక్షే అన్నారు. వెంటనే ఆ ఏడాదికి ఎత్తెయ్యడం లేదన్నారు. 2025లో మళ్లీ పరీక్షకు 80, ఇంటర్నల్‌కు 20 పద్ధతే ఉంటుందన్నారు. ఉంచాలా తీసెయ్యాలా అనే వాదన తప్ప, ఆ మార్కుల వెనక పిల్లలు ఏం చేస్తున్నారన్నది ఎవరూ మాట్లాడరు. నేను తీసెయ్యమనే మనిషిని కాను. నలుగురితో కలిసి పనిచెయ్యడం బడిలో కాకుంటే ఇంకెక్కడ నేర్చుకుంటారు?

నేను అడిగేది చిన్నదే. ఇరవై నాలుగు వద్దు, ఏడాదికి రెండు చాలు, రెండు మూడు సబ్జెక్టులకు కలిపి ఒకటి. అదీ బడి టైములోనే, సార్ కళ్లముందే జరగాలి. నాలుగుంబావుకు బడి వదిలితే చందంపేట వైపు తండాల పిల్లలకు బస్సు పట్టుకోవడమే ప్రాజెక్టు. ఒకరి ఇంటికి ఒకరు ఎప్పుడు పోవాలి? ఆడపిల్లలను చీకటిపడ్డాక ఎవరు పంపిస్తారు? చార్టు, కాగితాలు బడే ఇస్తే పైసల పంచాయితీ పోతుంది. ఫైలు తీసుకునే ముందు ఒక్కొక్కరినీ నిలబెట్టి, నువ్వు ఏం చేశావు, ఇందులో ఈ మాటకు అర్థం ఏంది అని రెండు ప్రశ్నలు అడగాలి, మార్కు ఆ జవాబుకే వెయ్యాలి. పత్తి చేనులో ఉన్న పిల్ల గురించి కూడా అప్పుడే బయటపడుతుంది, రెండు వారాలు ఎందుకు రాలేదని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి. అంశం మాత్రం ఊరిదే ఇవ్వాలి. ఊరి చెరువో, డిండి నీళ్లో, మా దేవరకొండ ఖిల్లా మీది పాత బావులో, ఏదైనా సరే. నా ఫోల్డర్‌లో అవేవీ లేవు.

ఈ లేఖ అచ్చయితే నాకు తెలిసిన సార్లకు కోపం రావచ్చు. నా గిరాకీ కొంత పడిపోతుంది కూడా. పడిపోనివ్వండి. థర్మాకోల్‌లో మిగిలేది ఎట్లాగూ అంతంతమాత్రమే, సగం షీట్లు ఆటోలోంచి దించేటప్పుడే విరుగుతాయి.

ఇట్లు,
ఒక జిరాక్స్ దుకాణదారుడు,
దేవరకొండ, నల్గొండ జిల్లా.